బ్రోకరు దగ్గర అమ్మానాన్నల షేర్లు, డబ్బు భద్రంగా ఉండాలంటే: ఒడిశా సరిహద్దు ఊళ్ల తెలుగువాళ్ల కోసం

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... ఈ ఊళ్లలో ఏ తెలుగు వీధికి వెళ్లినా ఒక పెద్దాయన కనిపిస్తారు. రైల్వేలోనో, కరెంటాఫీసులోనో, బడిలోనో చేసి రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో కొంత బ్యాంకులో వేసి కొంత షేర్లలో పెట్టారు. బజార్లో ఒడియా గలగలా మాట్లాడతారు, పొద్దున్నే చదివేది మాత్రం తెలుగు పేపరు, ఇంగ్లీషు ఫారం ఏదైనా చేతికొస్తే కళ్లజోడు తీసి పక్కన పెట్టి "నువ్వే నింపు బాబూ, ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు" అంటారు. పిల్లలు వైజాగులోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఆ "బాబు" ఎవరంటే, బ్రోకరు కంపెనీ తరఫున ఊళ్లో తిరిగే కుర్రాడు. మన భాషే, మన వీధే, ఒక్కోసారి మన చుట్టమే.

అలా తిరిగేవాళ్లలో నిజాయితీగా పనిచేసేవాళ్లు బోలెడుమంది. కానీ నాకు తెలిసిన ఇళ్లల్లో డబ్బు పోయింది మాత్రం ముక్కూమొహం తెలియని దొంగ వల్ల కాదు, వచ్చినప్పుడల్లా కాఫీ తాగి వెళ్లే మనిషి వల్లే. అందుకని నేను చెప్పేదంతా ఒకే లెక్క మీద నడుస్తుంది. మనిషిని నమ్ముతారో మానతారో మీ ఇష్టం, కాగితం, మెసేజీ, డబ్బు వెళ్లే దారి, ఈ మూడూ అతని చేతుల మీదుగా కాకుండా నేరుగా మీ ఇంటికి వచ్చేలా చూసుకోండి. మిగతాదంతా దీని వివరమే.

ముందు ఫోన్ నంబరు చూడండి

పండక్కి ఇంటికి వెళ్తే ఏ షేరు ఎంతుందని తర్వాత చూడొచ్చు, ముందు ఆ షేర్లుండే డీమ్యాట్ ఖాతాకి ఎవరి ఫోన్ నంబరు, ఎవరి ఈమెయిల్ ఇచ్చారో చూడండి. తరచూ జరిగేది ఇదీ: ఖాతా తెరిచిన రోజు నాన్నగారికి ఈమెయిల్ లేదు, "ఫర్వాలేదు మావయ్యగారూ, నాది వేసేస్తాను" అని కుర్రాడు తన ఐడీ వేసేశాడు. ఇక ఆ రోజు నుంచి ఏం కొన్నారో ఏం అమ్మారో చూపే కాంట్రాక్ట్ నోటు అతనికే, స్టేట్‌మెంటు అతనికే, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు కూడా అతనికే. అప్పటికి అతని మనసులో ఏ చెడూ లేకపోవచ్చు. రెండేళ్ల తర్వాత అతనికే డబ్బు ఇబ్బంది వచ్చినప్పుడు ఈ తలుపు తెరిచే ఉంటుంది, అదీ సమస్య. నిబంధన ప్రకారం ఒక నంబరు, ఒక ఈమెయిల్ ఒక క్లయింటుకే ఉండాలి. భార్యాభర్తలు, ఆధారపడ్డ పిల్లలు, తల్లిదండ్రుల మధ్య మాత్రం రాసిచ్చి ఒకటే వాడుకోవచ్చు. బ్రోకరు మనిషి నంబరు అక్కడ ఉండటానికి వీల్లేదు.

దీన్ని కనుక్కోవడానికి ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు. బ్రోకరు కంపెనీకి "క్లయింట్ మాస్టర్ రిపోర్ట్ పంపండి" అని అడగండి. ఒకటి రెండు పేజీలుంటుంది. పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్, ఏ బ్యాంకు ఖాతా జోడించారు, నామినీ ఎవరు, ఎవరికైనా అధికార పత్రం రాసిచ్చారా, అన్నీ అందులోనే ఉంటాయి. నా ఉద్దేశంలో ముసలి తల్లిదండ్రులున్న ప్రతివాళ్లూ ఏడాదికోసారి ఈ ఒక్క కాగితం తెప్పించుకుంటే సగం టెన్షన్ పోతుంది.

నంబరు తప్పుంటే మార్పించండి. అలాగని నాన్నగారి నంబరు పీకేసి మీది పెట్టకండి, ఖాతా ఆయనది, మీరు కొడుకైనా కూతురైనా ఆయనకి తెలియకుండా మెసేజీలు మీకు మళ్లించుకుంటే మీరూ ఆ కుర్రాడు చేసిన పనే చేసినట్టు. నంబరు ఆయనదే ఉంచి, ఆయన పేరున కొత్త ఈమెయిల్ ఒకటి తెరిచి, అందులోకి వచ్చేవి ఆయన ఒప్పుకుంటే మీకూ ఫార్వర్డ్ అయ్యేలా పెట్టండి. డీమ్యాట్ షేర్లు దాచే డిపాజిటరీలు ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ నుంచి కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్ అని ఒకటి వస్తుంది, లావాదేవీ జరిగితే ఆ నెలకి, ఏమీ జరగకపోతే ఆరు నెలలకోసారి. దాన్ని డిపాజిటరీయే పంపుతుంది కాబట్టి మధ్యలో ఎవరూ దిద్దలేరు. తెరవడానికి పాస్‌వర్డ్ పాన్ నంబరు. కుర్రాడు వాట్సాప్‌లో పంపే రంగురంగుల ఎక్సెల్ షీటు కాదు, చూడాల్సింది దీన్నే.

బీరువాలో ఉండే స్లిప్పుల పుస్తకం

డెలివరీ ఇన్‌స్ట్రక్షన్ స్లిప్ అని ఒక పుస్తకం ఉంటుంది, అచ్చం చెక్కు పుస్తకంలా. చెక్కుతో బ్యాంకులోంచి డబ్బు కదిలినట్టు దీంతో డీమ్యాట్‌లోంచి షేర్లు కదులుతాయి. ఇప్పుడు అమ్మకాలన్నీ ఫోన్‌లోనే అవుతున్నాయి కాబట్టి చాలామంది దాని సంగతే మర్చిపోయారు, పుస్తకం మాత్రం బీరువాలో అలాగే ఉంటుంది.

బరంపురంలో మా ఎరికలో ఒక పెద్దావిడ ఉన్నారు, భర్త పోయాక ఆయన షేర్లు ఆవిడ పేరుకి మారాయి. ఆవిడ పుస్తకం ఒకసారి తీసి చూస్తే, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, లోపల ప్రతి స్లిప్పు మీదా తెలుగులో గుండ్రంగా సంతకం. కంపెనీ పేరు గడి ఖాళీ, ఎన్ని షేర్లు అన్న గడి ఖాళీ, ఎవరి ఖాతాకి అన్న గడీ ఖాళీ. "మాటిమాటికీ రావడం ఎందుకు పిన్నీ, ఒకేసారి పెట్టేయండి అన్నాడమ్మా" అన్నారు. వరస నంబర్లు చూస్తే మధ్యలో రెండు స్లిప్పులు లేవు. అవి ఎప్పుడు చింపారో, ఎవరికిచ్చారో ఆవిడకి గుర్తులేదు.

అలాంటిది కనిపిస్తే ఏం చెయ్యాలంటే, సంతకం పెట్టిన స్లిప్పులన్నిటి మీదా అడ్డంగా రెండు గీతలు గీసి క్యాన్సిల్ అని రాయండి. కనబడని స్లిప్పుల నంబర్లు రాసి, వాటి మీద ఏ బదిలీ చెయ్యొద్దని డిపాజిటరీ పార్టిసిపెంటుకి, అంటే డీమ్యాట్ ఉన్న కంపెనీకి, ఈమెయిల్ పెట్టి రసీదు తీసుకోండి. కొత్తగా కొనేది, అమ్మేది ఏమీ లేకపోతే ఖాతాలోంచి షేర్లు బయటికి పోకుండా ఫ్రీజ్ చెయ్యమని కూడా అడగొచ్చు. డివిడెండ్ మామూలుగానే వస్తుంది. షేర్లు తాకకుండా డివిడెండ్‌తో గడిపే పెద్దవాళ్లకి ఇది చాలా మంచి పద్ధతి, ఎందుకో ఎవరూ వాడరు.

అధికార పత్రం, కార్వీ కథ

కార్వీ స్టాక్ బ్రోకింగ్ పేరు తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు, హైదరాబాదు కంపెనీ, ఊరూరా ఆఫీసులు. క్లయింట్లు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని అడ్డం పెట్టుకుని వాళ్ల షేర్లని తన అప్పుల కోసం తాకట్టు పెట్టుకుందని 2019 నవంబరులో షేర్ల మార్కెట్‌ని నియంత్రించే సెబీ ఆ కంపెనీ మీద ఉత్తర్వు ఇచ్చింది. మొత్తం 2 వేల కోట్ల రూపాయలు దాటిన వ్యవహారం. పెద్ద కంపెనీ, పాత కంపెనీ, మన కంపెనీ, ఈ మూడు మాటలూ భరోసా కావని అప్పుడు చాలామందికి తెలిసింది.

తర్వాత 2022లో సెబీ ఆ పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో డీడీపీఐ అనే చిన్న పత్రం తెచ్చింది. అమ్మిన షేర్లు ఎక్స్ఛేంజీకి అప్పజెప్పడానికి, మార్జిన్ కోసం, అంటే ట్రేడింగుకి హామీగా తాకట్టు పెట్టడానికి, అలాంటి కొద్ది పనులకే అది చెల్లుతుంది. పైగా ఇచ్చి తీరాలని లేదు. "ఇది ఇస్తేనే ఖాతా నడుస్తుంది" అని ఎవరైనా అంటే అబద్ధం. డీడీపీఐ లేకపోతే అమ్మినప్పుడల్లా డిపాజిటరీ నుంచి ఓటీపీ వస్తుంది, కొంచెం చిరాకే, కానీ డెబ్భై దాటినవాళ్ల ఖాతాకి ఆ చిరాకే కాపలా. మీ నాన్నగారి ఖాతా 2022కి ముందుదైతే పాత పవర్ ఆఫ్ అటార్నీ ఇంకా ఉందేమో క్లయింట్ మాస్టర్ రిపోర్ట్‌లో చూసి, ఉంటే రద్దు చేస్తున్నట్టు రాసి పంపించండి.

ఓటీపీ గురించి ఒక్క మాట. పెద్దవాళ్లకి "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని చెప్పి ఊరుకుంటే లాభం లేదు. ఎదుటివాడు తెలిసినవాడైతే చెప్పేస్తారు. "అంకె చెప్పే ముందు ఆ మెసేజీ మొత్తం పైకి చదవండి" అని నేర్పండి. అందులో ప్లెడ్జ్ (షేర్ల తాకట్టు) అనో, మొబైల్ నంబరు మార్పు అనో ఉంటుంది. చదివితే ఆయనకే అనుమానం వస్తుంది.

సాయంత్రం వచ్చే ఫోన్

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే.

క్లయింటు చెప్పకుండా బ్రోకరు ఆయన పేరు మీద కొనకూడదు, అమ్మకూడదు. ఆర్డరు క్లయింటే ఇచ్చాడనడానికి బ్రోకరు దగ్గర ఆధారం ఉండాలి: సంతకం పెట్టిన కాగితమో, ఫోన్ రికార్డింగో, ఈమెయిలో, లాగిన్ వివరమో. 2018 నుంచి ఇది కచ్చితంగా అమలవుతోంది, వివాదం వస్తే ఆధారం చూపాల్సిన బాధ్యత బ్రోకరుదే. చదవడానికి ఎంతో బాగుంది. ఇప్పుడు జరిగేది చూడండి. పగలంతా వాళ్ల ఇష్టమొచ్చినట్టు కొని, అమ్మి, సాయంత్రం నాలుగింటికి ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. "నమస్కారం సార్, ఈ రోజు మీ అకౌంట్‌లో ఫలానావి 200 కొన్నాం, ఫలానావి 150 అమ్మాం, ఓకేనా సార్?" నాన్నగారు మధ్యాహ్నం నిద్ర నుంచి అప్పుడే లేచారు. "ఆఁ, సరేనమ్మా." అది రికార్డ్ అయిపోయింది. రేపు మీరు ఫిర్యాదు పెడితే వాళ్లు వినిపించేది ఆ "సరేనమ్మా"నే.

మన పెద్దవాళ్లకి ఫోన్‌లో ఆడపిల్ల మర్యాదగా మాట్లాడితే కాదనడం చేతకాదు. మొహమాటం. అందుకే ఒక వాక్యం కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి టీవీ పక్కన అంటించండి: "నేను ఈ ఆర్డరు ఇవ్వలేదు, నాకు రాసి పంపండి." అంతకంటే ఎక్కువ మాట్లాడనక్కర్లేదు. వాదించక్కర్లేదు. ఆ తర్వాత అదే రోజు మీరు ఆయన ఈమెయిల్ నుంచి "ఫలానా తేదీ ఆర్డర్లు నేను ఇవ్వలేదు, ఎవరు ఎలా ఇచ్చారో రికార్డు పంపండి" అని రెండు లైన్లు కొట్టండి. కాంట్రాక్ట్ నోటు లావాదేవీ జరిగిన 24 గంటల్లోపు రావాలి, దాని మీద ఫిర్యాదులకి ఈమెయిల్ ఐడీ ఉంటుంది, దానికే పంపాలి. కుర్రాడి వాట్సాప్‌కి పంపితే ప్రయోజనం సున్నా.

బ్రోకరేజీ లెక్క వేయండి

ఏ ఒక్క లావాదేవీలోనూ మోసం కనబడదు, మొత్తం చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. ఒక ఉదాహరణ వేస్తాను. షేర్ల విలువ 8 లక్షలు. ఏడాదిలో తిప్పి తిప్పి కొన్నవీ అమ్మినవీ కలిపి 1 కోటి 20 లక్షలు. ఆఫీసుకి ఫోన్ చేసి ఆర్డరిచ్చే పాత పద్ధతి ఖాతా, బ్రోకరేజీ నూటికి అర్ధరూపాయి అనుకుందాం. అంటే 60 వేలు. దాని మీద 18 శాతం జీఎస్టీ, 10,800. షేర్లు డెలివరీ తీసుకుంటే కొన్నా అమ్మినా 0.1 శాతం ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను, అది 12 వేలు. వెరసి 82,800. అంటే 8 లక్షల మీద ఏటా పది శాతం పైన ఖర్చే, ఇది పోను లాభం రావాలి. అదే డబ్బు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో ఉంటే 8.2 శాతం వడ్డీ వచ్చేది. కుర్రాడు మాత్రం "మావయ్యా, మొన్న ఆ షేరులో 6 వేలు లాభం చూపించాను కదా" అంటూ ఉంటాడు.

ఈ లెక్క వేయాలంటే బ్రోకరు దగ్గర ఆర్థిక సంవత్సరానికి ట్యాక్స్ రిపోర్టు అడగండి, మొత్తం కొనుగోళ్లు, అమ్మకాలు, ఖర్చులు విడివిడిగా ఉంటాయి. ఇన్‌కంటాక్స్ రిటర్నుకి కావాలంటే ఎవరూ ఏమీ అనుకోరు. అందులో ఇంట్రాడే (ఆ రోజే కొని ఆ రోజే అమ్మడం) అనో, ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ (ధర ఎటు పోతుందోనని పందెం లాంటి ఒప్పందాలు) అనో వరస కనిపించిందంటే ఆ సాయంత్రమే కూర్చుని మాట్లాడాలి. 2021-22 నుంచి మూడేళ్లలో ఆప్షన్స్, ఫ్యూచర్స్ ఆడిన వ్యక్తిగత మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టింది. పెన్షన్ మీద బతికే మనిషికి ఆ సెగ్మెంటుతో పనేముంది? దాన్ని ఖాతాలోంచి తీసేయమని రాసి పంపితే చాలు. మార్జిన్ ఫండింగ్ ఉంటే అదీ తీయించండి, బ్రోకరు అప్పిచ్చి కొనిపిస్తాడు, వడ్డీ నాన్నగారి లెడ్జర్లో రోజూ పడుతూనే ఉంటుంది.

డబ్బు ఎటు వెళ్తోంది

ఊళ్లో తిరిగే ఏజెంటుకి ఇప్పుడు నిబంధనల్లో ఆథరైజ్డ్ పర్సన్ అని పేరు, సబ్‌బ్రోకరు అన్న హోదా 2019లోనే పోయింది. అతను నిజంగా ఫలానా కంపెనీ తరఫు వాడేనా అన్నది స్టాక్ ఎక్స్ఛేంజీలైన ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ వెబ్‌సైట్లలో వెతకొచ్చు. అసలు వాడే అయినా సరే, తన పేరు మీదో తన బ్యాంకు ఖాతాలోకో క్లయింటు డబ్బు తీసుకోకూడదు. డబ్బు నాన్నగారి బ్యాంకు నుంచి బ్రోకరు కంపెనీ ఖాతాకి, అక్కడి నుంచి తిరిగి నాన్నగారి బ్యాంకుకి. నగదు లేదు, ఫోన్‌పేలో అతని నంబరుకి లేదు, "మా మిసెస్ అకౌంట్‌లో వెయ్యండి, రేపు అడ్జస్ట్ చేస్తాను" అసలే లేదు.

2025 అక్టోబరు నుంచి సెబీ దీనికి ఒక సులువు చేసింది. రిజిస్టరైన బ్రోకర్ల యూపీఐ ఐడీల్లో బ్రోకరు అని తెలిపే గుర్తు, ఆ తర్వాత 'వ్యాలిడ్' అన్న మాట, బ్యాంకు పేరు ఉంటాయి, డబ్బు పంపేటప్పుడు ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలు గుర్తు కనిపిస్తుంది. అది కనిపించకపోతే ఆగి, సెబీ చెక్ అనే సదుపాయంలో ఆ ఐడీని సరిచూసుకోండి.

నెలకి ఇంత గ్యారంటీ అన్న మాట వినబడితే మాత్రం అక్కడే ఆపెయ్యండి. షేర్లలో గ్యారంటీ లాభం చెప్పే హక్కు ఏ బ్రోకరుకీ లేదు. పైగా అలాంటి ఒప్పందం మీద ఇచ్చిన డబ్బుకి ఎక్స్ఛేంజీ రక్షణ నిధి గానీ, వాళ్ల ఫిర్యాదుల వ్యవస్థ గానీ వర్తించవని ఎన్‌ఎస్‌ఈ మళ్లీ మళ్లీ చెబుతోంది. అగ్రిగోల్డ్, రోజ్‌వ్యాలీ లాంటి డిపాజిట్ల మోసాల దెబ్బలు తిన్న మన వైపు జనం మళ్లీ స్టాంపు పేపరు మీద "నెలకి 3 శాతం" అని రాయించుకుని మురిసిపోవడం చూస్తే ఏమనాలో తెలియదు. వాట్సాప్ గ్రూపులు, టెలిగ్రామ్ టిప్పులు, దొంగ ట్రేడింగ్ యాప్‌ల గురించి ఇప్పటికే అందరూ చెబుతున్నారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

నాన్నగారితో ఎలా మాట్లాడాలి

"మీకేం తెలీదు, ఇలా ఇవ్వండి నేను చూస్తాను" అన్నారంటే అయిపోయింది, ఇక ఆయన మీ దగ్గర నోరు విప్పరు, ఆ కుర్రాడి దగ్గర విప్పుతారు. మీ వైపు నుంచి మొదలుపెట్టండి. "నాన్నా, నా డీమ్యాట్‌కి మా ఆవిణ్ణి నామినీగా పెట్టాను, నీది అమ్మ పేరే ఉందా?" అంటే మాట దానంతటదే ముందుకెళ్తుంది. డబ్బు పోయిందని అనుమానం వచ్చినప్పుడు కూడా "ఎంత పోయింది" అని మొదలెట్టకండి. నలుగురిలో పరువు పోతుందని, కోడలు ముందు చులకనవుతానని చాలామంది చెప్పకుండా దాచుకుంటారు, దాచిన కొద్దీ ఫిర్యాదుకి ఉన్న గడువు కరిగిపోతుంది.

ఆయన మర్చిపోవడం మొదలుపెట్టారని మీకనిపిస్తే, అడిగిందే అడగడం, కరెంటు బిల్లు రెండుసార్లు కట్టడం, అప్పుడిక ఆలస్యం చెయ్యకండి. చాలామంది "ఎలాగూ పవర్ ఆఫ్ అటార్నీ నా పేర రాశారు కదా" అని ధీమాగా ఉంటారు. మన కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే ఆ అధికారం కూడా పోతుంది. అంటే అది మీకు అవసరమైన రోజునే పనికిరాదు. నామినీ రాయించడం, విల్లు రాయించడం, తెలిసిన నాలుగు కంపెనీల షేర్లు తప్ప మిగతావి అమ్మేసి డిపాజిట్లలో పెట్టడం, ఇవన్నీ ఆయన బుర్ర పాదరసంలా ఉన్నప్పుడే ఆయన చేతే చేయించాలి.

అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఒక సంగతి గమనించి ఉంటారు. అక్కడి బ్రోకర్లు ఖాతా తెరిచేటప్పుడు నమ్మకమైన మనిషి ఒకరి పేరు, ఫోన్ నంబరు అడగాలి, 2018 నుంచి అక్కడి బ్రోకర్ల మీద అజమాయిషీ చేసే ఫిన్రా పెట్టిన నియమం అది. 65 దాటిన క్లయింటుని ఎవరో దోచుకుంటున్నారని గట్టి అనుమానం వస్తే చెల్లింపుని కొన్ని రోజులు నిలిపి, ఆ మనిషికి ఫోన్ చెయ్యొచ్చు. ఇక్కడ నేను చూసిన ఫారాల్లో నామినీ గడి ఉంది గానీ అలాంటి గడి లేదు. నామినీ పని ఆయన పోయాక మొదలవుతుంది, బతికుండగా ఫోన్ చేసేందుకు ఎవరి పేరూ ఉండదు. ఆ లోటు మనమే పూడ్చుకోవాలి: "నా ఖాతాలో పెద్ద మొత్తం బదిలీ ఏదైనా జరిగితే మా అమ్మాయి ఫలానా నంబరుకి కూడా తెలపండి" అని ఆయన సంతకంతో బ్యాంకు మేనేజరుకీ, బ్రోకరుకీ ఒక ఉత్తరం ఇవ్వండి. వాళ్లు చేస్తారని హామీ లేదు, నియమమూ లేదు. కానీ పర్లాకిమిడి లాంటి చిన్న ఊళ్లో మేనేజరు ముఖం తెలిసినవాడే ఉంటాడు, ఉత్తరం గుర్తుంటే ఒక ఫోన్ కొడతాడు.

అప్పటికే జరిగిపోతే

మొదట ఖాతాకి తాళం వెయ్యండి. ఆన్‌లైన్ ట్రేడింగ్ యాక్సెస్‌ని క్లయింటు అడిగిన వెంటనే ఆపేసే సదుపాయం 2024 జూలై నుంచి బ్రోకర్లందరి దగ్గరా ఉండాలి. బ్రోకరు కంపెనీ పేరుకి ముందు 'స్టాప్‌ట్రేడ్' అని ఉండే ఈమెయిల్ ఐడీ దీనికోసమే పెట్టారు. పాస్‌వర్డులు మార్చండి, స్టేట్‌మెంట్లు డౌన్‌లోడ్ చెయ్యండి. కుర్రాడితో పోట్లాట తర్వాత పెట్టుకోవచ్చు, ముందే పెట్టుకుంటే అతను జాగ్రత్తపడతాడు.

తర్వాత బ్రోకరు కంపెనీ ఫిర్యాదుల ఐడీకి రాయండి. తేదీ, కాంట్రాక్ట్ నోటు నంబరు, ఎన్ని షేర్లు, ఎంత డబ్బు. ఏడుపులు, శాపనార్థాలు రాయకండి, అంకెలు రాయండి. తృప్తికరమైన జవాబు రాకపోతే సెబీ వాళ్ల స్కోర్స్ పోర్టల్లో పెట్టండి, అవతలివాళ్లు 21 రోజుల్లో జవాబు చెప్పాలి. అక్కడా తేలకపోతే స్మార్ట్ ఓడీఆర్ అనే ఆన్‌లైన్ రాజీ, మధ్యవర్తిత్వ వేదిక ఉంది. స్కోర్స్‌లో ఫిర్యాదుకి ఏడాది గడువు, "చూద్దాం, వాడే ఇచ్చేస్తానన్నాడు" అని కుర్రాడు వాయిదాలు పెట్టేది ఈ ఏడాది గడిచిపోవడానికే. సెబీ టోల్‌ఫ్రీ నంబర్లు 1800 22 7575, 1800 266 7575. తెలుగులో మాట్లాడొచ్చు కాబట్టి నాన్నగారి చేతే మాట్లాడించండి.

సైబర్ మోసమైతే, అంటే దొంగ యాప్‌కో తెలియని ఖాతాకో డబ్బు వెళ్లిపోతే, ఇవన్నీ పక్కన పెట్టి గంటలోపు 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే దారిలో ఉన్న బ్యాంకులో డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

సరిహద్దులో ఉన్నందువల్ల మనకి వచ్చే తలనొప్పి ఇంకొకటుంది. మనిషి ఉండేది గుణుపురంలో, బ్రోకరు ఆఫీసు శ్రీకాకుళంలోనో వైజాగులోనో. ఇక్కడి స్టేషన్లో "అది ఆంధ్రా కేసు" అంటారు, అక్కడికెళ్తే "మీది ఒడిశా కదా" అంటారు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. ఆ సెక్షన్ నంబరు ఒక చీటీ మీద రాసుకుని వెళ్లండి. ఫిర్యాదు ఒడియాలో రాయించి, వెనక ఇంగ్లీషులో ఉన్న ఖాతా స్టేట్‌మెంట్లు జతచెయ్యండి. పెద్దాయన్ని రోజంతా బెంచీ మీద కూర్చోబెట్టే పరిస్థితి వస్తే 14567కి, అది వయోవృద్ధుల హెల్ప్‌లైన్, ఒకసారి ఫోన్ చేసి చూడండి. సెబీ దృష్టిలో మాత్రం రాష్ట్రాల తగాదా లేదు, స్కోర్స్ ఎక్కడి నుంచైనా ఒకటే.

చివరగా పాత కాగితం షేర్ల సంగతి. పెట్టెలో పాతికేళ్ల నాటి సర్టిఫికెట్లు ఉన్న ఇళ్లకి ఈ మధ్య మనుషులు వస్తున్నారు, "మీ షేర్లు గవర్నమెంటుకి పోయాయి, తెప్పిస్తాం, ముప్పై శాతం మాకు" అంటూ. ఏడేళ్లు వరసగా డివిడెండ్ తీసుకోని షేర్లు ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి బదిలీ అవుతాయి, అంతవరకూ నిజమే. తిరిగి తెచ్చుకోవడానికి ఐఈపీఎఫ్-5 అనే ఫారం ఆన్‌లైన్‌లో వెయ్యాలి, దానికి ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు. ఫారం ప్రింటు, ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ నోడల్ ఆఫీసరుకి పంపాలి. పని నెలల తరబడి సాగుతుంది, విసుగొస్తుంది, ఎవరైనా సీఏ చేత చేయిస్తే అతని ఫీజు అతనికివ్వండి, అది న్యాయమే. కానీ ముందుగా డబ్బు అడిగినా, సర్టిఫికెట్ల ఒరిజినల్స్ పట్టుకెళ్తానన్నా, ఖాళీ బదిలీ ఫారాల మీద సంతకం అడిగినా గుమ్మం దగ్గరే పంపించెయ్యండి.